కుండ ఒంటికి ఇనుము తెచ్చే రంగులు

ఎండాకాలం నీళ్లకుండా, ఆవకాయ జాడీ రెండూ మట్టే, రెండూ నిప్పులో కాలినవే. కానీ ఒకదాని పని రెండోదానికి అప్పగిస్తే రెండూ చెడతాయి. కుండ ఒంటినిండా కంటికి ఆనని సన్నటి రంధ్రాలుంటాయి. నీరు వాటిలోంచి మెల్లగా బయటికి ఊరి ఆవిరైపోతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం లోపలి నీళ్ల నుంచే వస్తుంది. ఆ లెక్కన గ్రాము చెమ్మ ఆరినప్పుడల్లా లీటరు నీళ్లు అర డిగ్రీకి పైగా చల్లబడాలి. బయటి వేడి మళ్లీ లోపలికి చేరుతూనే ఉంటుంది కనుక అంతా దక్కదనుకోండి. మహబూబ్‌నగర్ పొడి ఎండల్లో కుండనీళ్లు జివ్వుమంటాయి గానీ కాకినాడ ఉక్కపోతలో అంతగా చల్లబడవు. తప్పు కుండది కాదు, గాలిలో అప్పటికే నిండి ఉన్న తేమది. ఈమధ్య రోడ్ల పక్కన ఆయిల్ పెయింటు వేసి, పువ్వులు దిద్ది, కుళాయి బిగించి అమ్ముతున్న కుండల్ని చూస్తే నాకు జాలి కలుగుతుంది. రంధ్రాలన్నీ రంగుతో మూసేశాక అది కుండ ఆకారంలో ఉన్న డబ్బా మాత్రమే.

జాడీ సంగతి వేరు. ఉప్పూ నూనే పులుపూ కలిసి ఏడాది పొడుగునా దాని గోడలకు ఆనుకునే ఉంటాయి. మామూలు కుండలో ఆవకాయ పెడితే నూనె గోడల్లోకి ఇంకుతుంది. ఉప్పునీరు రంధ్రాల గుండా బయటి వైపుకు చేరి అక్కడ స్ఫటికాలు కడుతుంది. పెరిగే స్ఫటికం చుట్టూ ఉన్న మట్టిని నెడుతుంది. కొన్నాళ్లకు కుండ పైపొర పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. సముద్రపు ఒడ్డున ఇటుక గోడలు ఉప్పు పట్టి చిట్లేది కూడా ఇలాగే. అందుకే జాడీకి రెండు కాపలాలు పెడతారు. మట్టినే 1,200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల దాకా కాల్చి రంధ్రాలు చాలామటుకు మూసుకుపోయేలా చేయడం ఒకటి, దాని మీద గాజుపొర కట్టించడం రెండోది. ఆ గాజుపొరనే గ్లేజు అంటున్నాం.

కిటికీ అద్దానికీ గ్లేజుకూ దగ్గరి చుట్టరికమే. కాకపోతే గ్లేజు కరిగినప్పుడు నిలువు గోడ మీంచి జారిపోకుండా ఆగాలి. గాజుకు మూలం సిలికా, అంటే మన పొలాల్లో కాళ్లకు గుచ్చుకునే తెల్లటి పలుగురాయి. అది కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. కరిగిన గాజును చిక్కబరిచి గోడను పట్టి ఉంచేది అల్యూమినా. అది 2,050 దాటితే గానీ కరగదు. సున్నమైతే 2,600 డిగ్రీల ఘటం. విడివిడిగా ఏ కుమ్మరి బట్టీకీ లొంగని ఈ మూడూ, నూటికి 62 పాళ్లు సిలికా, 23 పాళ్లు సున్నం, 15 పాళ్లు అల్యూమినా లెక్కన కలిపితే 1,170 డిగ్రీల దగ్గరే కరిగి నీళ్లవుతాయి. ఒకదాని అణువుల అల్లికను మరొకటి చెదరగొట్టడమే కారణం. గ్లేజు విద్య మొత్తం ఈ ఒక్క వింత మీద నడుస్తోంది.

ఈ సంగతి ముందు ఎవరూ లెక్కగట్టి కనిపెట్టలేదు. చైనాలో షాంగ్ రాజుల కాలంలో, అంటే దాదాపు మూడున్నర వేల ఏళ్ల కిందట, కట్టెల బట్టీలో మంటతోపాటు ఎగిరిన బూడిద కుండల భుజాల మీద పడేది. బూడిదలో సున్నమూ పొటాషూ ఉంటాయి, కుండలో సిలికా, అల్యూమినా ఉండనే ఉన్నాయి. వేడి చాలినచోట అవి కలిసి పచ్చటి గాజు మరకలై మెరిశాయి. మరకను చూసిన కుమ్మరులు బూడిదను నీళ్లలో కలిపి కావాలనే పూయడం మొదలుపెట్టారు. బూడిదలన్నీ ఒకటి కావు. కట్టె బూడిదలో సున్నం ఎక్కువ కనుక అది ఇట్టే కరిగి ధారలు కడుతుంది. వరి ఊక కాల్చిన బూడిదలో 85 శాతానికి పైగా సిలికాయే. వరి మొక్క నేలలోంచి సిలికాను పీల్చి ఊకలో దాచుకుంటుంది. జపాన్ కుమ్మరులు ఊక బూడిదను కట్టె బూడిదతో, ఫెల్డ్‌స్పార్ రాతిపొడితో కలిపి పాలమీగడ లాంటి తెల్లటి గ్లేజు తీస్తారు. మన రైసు మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండేది ఆ సరుకే. ఫెల్డ్‌స్పార్‌కూ మనకు కొదవ లేదు. గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనుల్లో అభ్రకంతో, పలుగుతో కలిసి అది దొరుకుతుంది. సిలికా, అల్యూమినా, వాటిని కరిగించే పొటాషు లేదా సోడా, మూడూ ఒకే రాయిలో ఉండటం దాని గొప్ప. మెత్తగా నూరి పూస్తే దానంతటదే గ్లేజుకు దగ్గరగా వస్తుంది.

పూత వేసే ఘట్టం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. సారె మీద తీసిన గిన్నెను ఆరబెట్టి, ముందొకసారి 900 నుంచి 1,000 డిగ్రీల మధ్య కాలుస్తారు. అప్పటికి అది నీళ్లకు కరగదు గానీ స్పాంజిలా పీల్చే గుణం ఇంకా ఉంటుంది. గ్లేజు బకెట్లో మజ్జిగలా చిక్కగా ఉంటుంది. గిన్నెను పాదం దగ్గర వేళ్లతో పట్టుకుని వంచి ముంచుతారు, రెండు మూడు అంకెలు లెక్కపెట్టి తీసేస్తారు. మట్టి నీటిని లాక్కుంటుంది, రాతిపొడి గోడ మీద మిగిలిపోతుంది. తీసిన కొద్ది క్షణాలకే తడి మెరుపు పోయి గిన్నె సుద్ద పూసినట్టు పేలవంగా మారుతుంది. ఇంకో రెండు అంకెలు ఆలస్యం చేస్తే పొర మందమవుతుంది, బట్టీలో కిందికి కారుతుంది. వేళ్లు ఆనినచోట బోసిగా మిగిలిన మచ్చల్ని కుంచెతో సరిచేస్తారు. తడి స్పాంజితో పాదం శుభ్రంగా తుడిచేస్తారు. ఇది మరిచిపోతే గిన్నె బట్టీ అరకు అతుక్కుపోతుంది, ఇక సుత్తితో తప్ప ఊడదు.

ఈ దశలో రంగు చూసి మోసపోని కొత్తవాళ్లు ఉండరు. చెరువు నీటి పచ్చదనం రావలసిన గ్లేజు బకెట్లో తెల్లగానో లేత బూడిదరంగులోనో ఉంటుంది. నల్లగా నిగనిగలాడవలసినదేమో ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుంది. బొమ్మలు గీసే కళాకారుడికి తాను వేసే రంగు కళ్లెదుటే కనబడుతుంది. కుమ్మరి మాత్రం రేపటి రంగును తలలో పెట్టుకుని ఇవాళ సుద్దనీళ్లతో పనిచేస్తాడు. అంత తేడా ఎందుకంటే, గ్లేజులో రంగు అనేది కలిపిన పొడి ఒక్కదాని గుణం కాదు. ఆ లోహానికి నిప్పులో ఎంత ఆక్సిజన్ దొరికింది, గాజులో ఎంత కరిగింది, చల్లారేటప్పుడు ఎంత సమయం చిక్కింది అన్నవాటిని బట్టి అది తేలుతుంది. ఇందుకు ఇనుమును మించిన సాక్షి లేదు.

ఇనుము మన నేలలో ఎక్కడ తవ్వినా ఎంతో కొంత తగులుతుంది. గాలి ధారాళంగా ఆడే మంటలో అది పూర్తిగా ఆక్సిజన్ పట్టి ఎర్రటి ఆక్సైడవుతుంది. ఊళ్లో కుమ్మరి ఆవంలోంచి తీసే కుండ ఎరుపు అదే, గడపలకు పూసే జాజు ఎరుపూ అదే. మంటకు గాలి కరువైతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కోసం ఆవురావురుమంటూ ఆ ఆక్సైడ్ మీద పడుతుంది. ఇనుము కొంత ఆక్సిజన్ వదులుకుని నల్లటి ఆక్సైడుగా మారుతుంది. పొగలోని మసి కూడా రంధ్రాల్లో చేరి నలుపును పెంచుతుంది. మొదటిదాన్ని ఆక్సీకరణ కాల్పు అనీ రెండోదాన్ని క్షయకరణ కాల్పు అనీ అంటారు.

ఈ రెండింటినీ ఒకే కుండలో పలికించిన వాళ్లు తెలుగు నేల మీదే ఉన్నారు. నాగార్జునకొండలో, ఏలేశ్వరంలో, ఇంకా తెలంగాణ నిండా ఉన్న ఇనుపయుగపు రాక్షసగుళ్లలో, అంటే పెద్ద బండరాళ్ల సమాధుల్లో, దొరికే కుండలు లోపలా మూతి దగ్గరా నల్లగా, కింది భాగం ఎర్రగా ఉంటాయి. ఆ కాలం కుమ్మరులు కుండను ఊకలోనో ఆకుచెత్తలోనో బోర్లించి కాల్చి ఉంటారన్నది పురావస్తు శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. మూతి చెత్తలో కూరుకుపోయి గాలి అందక నల్లబడింది, పైకి తేలి ఉన్న అడుగుకు గాలి తగిలి ఎర్రబడింది. కుండ సగం ఆరాక నున్నటి గులకరాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. మట్టి రేణువులు సన్నటి రేకుల్లా ఉంటాయి. రుద్దితే అవన్నీ ఒక్క వాటంగా పడుకుని వెలుతురును తిప్పి కొడతాయి. గ్లేజు ఊసే లేదు, అయినా మెరుపు ఉంది. ఇప్పటికీ ఉత్తరప్రదేశ్‌లోని నిజామాబాద్‌లో (మనది కాదు, ఆజంగఢ్ జిల్లాలోది) నల్లటి కుండల మీద నగిషీ చెక్కి, గాట్లలో వెండిలా మెరిసే లోహపు పొడి నింపుతారు. అక్కడి నలుపుకూ పొగే ఆధారం.

ఇదే ఆటను గ్రీకులు ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో ఏథెన్స్ కుమ్మరులు ఎర్రటి కుండ మీద నల్లటి వీరుల్ని, గుర్రాల్ని చిత్రించారు. వాళ్లు వాడిన ‘రంగు’ ఆ కుండమట్టికి దగ్గరి మట్టే, కాకపోతే నీళ్లలో తేర్చి తీసిన అతి సన్నటి భాగం. కాల్పు మూడు అంచెల్లో సాగేది. మొదట గాలి ఇస్తారు, అంతా ఎరుపు. తర్వాత గాలి మూసి పచ్చి కట్టె వేసి వేడి పెంచుతారు, అంతా నలుపు. సన్నటి మట్టి పూసిన భాగం ఈ అంచెలోనే కొంత కరిగి గాజులా మూసుకుపోతుంది. చివర మళ్లీ గాలి వదిలితే రంధ్రాలున్న కుండ ఒళ్లు ఆక్సిజన్ పీల్చి ఎర్రబడుతుంది. మూసుకుపోయిన బొమ్మల్లోకి అది చొరబడలేదు గనుక అవి నల్లగానే నిలుస్తాయి. రెండు రంగులూ ఒకే ఇనుము. ఈ కిటుకు తర్వాత మరుగున పడిపోయింది. 1942లో థియోడార్ షూమాన్ అనే జర్మన్ రసాయనవేత్త దాన్ని ప్రయోగం చేసి మళ్లీ పట్టుకున్నాడు.

ఇనుము మట్టిని వదిలి గాజులోకి దిగాక దాని వేషాలు ఇంకా పెరుగుతాయి. గ్లేజులో నూటికి ఒకటి రెండు పాళ్ల ఇనుము ఉంచి గాలి బిగబట్టి కాలిస్తే, అది గాజులో కరిగి పచ్చలాగా, సముద్రపు నీటిలాగా కనిపిస్తుంది. సెలడాన్ అనేది ఇదే. చైనాలో చెచియాంగ్ రాష్ట్రంలోని లాంగ్‌చువాన్ దీనికి పేరుపడ్డ ఊరు. అక్కడి కాల్పు విద్యను 2009లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అదే గ్లేజును గాలి ఆడే బట్టీలో కాల్చి చూడండి, లేత తేనెరంగు వస్తుంది. ఇనుమును ఎనిమిది, పది పాళ్లకు పెంచితే నలుపు. ఆ నల్లటి గ్లేజే అంచు మీద పలచబడినచోట తుప్పు రంగులోకి తిరుగుతుంది. ఇంకా పెంచితే గాజు మోయలేక, చల్లారే వేళ మిగులు ఇనుమును ఉపరితలం మీదికి ఎర్రటి స్ఫటికాలుగా కక్కేస్తుంది.

నల్లటి గ్లేజుల్లో నన్ను అన్నిటికన్నా ఆపేసేవి ఫూచియాన్ రాష్ట్రంలోని చియాన్ బట్టీల టీ గిన్నెలు. సాంగ్ రాజుల కాలంలో చైనావాళ్లు టీని ఆకుగా మరిగించుకోలేదు. పొడిచేసి వేడినీళ్లలో వెదురు కుంచెతో చిలికి తెల్లటి నురగ తెప్పించేవారు. ఎవరి నురగ ఎక్కువసేపు నిలుస్తుందో పందేలు కాసేవారు. తెల్లటి నురగ ఎదిగి కనబడాలంటే గిన్నె నల్లగా ఉండాలి. హుయిజాంగ్ చక్రవర్తి 1107 ప్రాంతంలో టీ గురించి స్వయంగా రాసిన గ్రంథంలో కుందేలు బొచ్చు లాంటి చారలున్న నల్ల గిన్నెలనే మెచ్చుకున్నాడు. ఆ చారలు కుంచెతో గీసినవి కావు. బట్టీలో వేడి 1,220 డిగ్రీలు దాటాక ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ తనంతట తానే కొంత ఆక్సిజన్‌ను విడుస్తుంది. అది కరిగిన గాజులో బుడగలై పైకి లేస్తుంది. లేస్తూ చుట్టుపక్కల ఇనుమును వెంటబెట్టుకొస్తుంది. బుడగ పైన పగిలినచోట ఇనుము పోగుపడి వెండి చుక్కలా మిగులుతుంది. గాజు చిక్కగా ఉంటే ఆ చుక్కలు నూనెబొట్లలా గుండ్రంగా ఆగుతాయి, కాస్త పలచబడితే నిలువు గోడ వెంట కిందికి సాగి చారలవుతాయి.

2014లో అమెరికా, ఫ్రాన్స్, చైనా శాస్త్రవేత్తల బృందం ఈ గిన్నెల పెంకుల్ని ఎక్స్‌రేల కింద పెట్టి చూసింది. ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, నూనెబొట్ల గిన్నెల్లో ఉన్నది మామూలు ఎర్ర ఆక్సైడ్ కాదు, ఎప్సిలాన్ రూపం అనే అరుదైన ఐరన్ ఆక్సైడ్. అయస్కాంత గుణాన్ని మొండిగా పట్టి ఉంచుకుంటుంది గనుక సమాచార నిల్వకు పనికొస్తుందని ఇవాళ్టి ప్రయోగశాలలు దానికోసం తంటాలు పడుతున్నాయి. అతి చిన్న రేణువులుగా తప్ప, శుద్ధంగా, పెద్దగా పెంచడం చాలా కష్టం. వెయ్యేళ్ల కిందటి కట్టెల బట్టీలో మాత్రం అది గిన్నె గోడ మీద తీరిగ్గా పెరిగింది. కుమ్మరికి దాని పేరూ తెలియదు, అవసరమూ లేదు. ఏ కొండ మట్టి, ఏ బూడిద, మంట ఎంతసేపు అన్నది మాత్రం తరాల తరబడి పక్కాగా తెలుసు.

‘ఎంతసేపు’ అన్నది ఇక్కడ అసలు మాట. గ్లేజు కరగడానికి వేడి ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, ఆ వేడిలో ఎన్ని గంటలు ఉందన్నది కూడా కావాలి. అందుకే జర్మనీలో హెర్మన్ జేగర్ 1886లో కొత్త కొలత తెచ్చాడు. గ్లేజు లాంటి మిశ్రమంతోనే వేలెడంత శంకువులు చేసి బట్టీలో నిలబెట్టాడు. వేడి తగినంత తిన్నాక శంకువు మెత్తబడి తల వంచుతుంది. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చినా స్టూడియో కుమ్మరులు ఇవాళ్టికీ బట్టీ కన్నంలోంచి ఆ వంపును చూసుకునే మంట ఆపుతారు. మన దేశంలో ఇలాంటి స్టూడియో కుమ్మరపు పని ఆధునిక కాలంలో వేళ్లూనడానికి కారణమైన వాళ్లలో గురుచరణ్ సింగ్ ఒకరు. 1919లో జపాన్ వెళ్లి అక్కడి కుమ్మరుల సాంగత్యంలో నేర్చుకొచ్చి, 1952లో ఢిల్లీలో ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించాడు. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో శిక్షణ పొందినవాళ్లు దేశమంతటా ఉన్నారు.

రంగు మాట అలా ఉంచి, సారె దగ్గరికి వద్దాం. సారె మీద లేచిన గిన్నె లోపల కుమ్మరి వేలి జాడ అడుగు నుంచి అంచు దాకా మరచుట్టులా తిరుగుతూ ఉంటుంది. ఉత్త మట్టిగా ఉన్నప్పుడు ఆ మిట్టపల్లాలు అంతగా తెలియవు. గ్లేజు కరిగినప్పుడు ద్రవం గనుక మిట్టల మీంచి జారి పల్లాల్లో నిలుస్తుంది. మిట్ట మీద పలచన, పల్లంలో మందం. మందం పెరిగిన కొద్దీ వెలుతురు దాటవలసిన గాజు ఎక్కువ, రంగు ముదురు. వేలి జాడ అలా రంగు చారలై పైకి తేలుతుంది. అచ్చులో పోసిన కప్పుకూ సారె మీద తీసిన కప్పుకూ ఒకే గ్లేజు పూసి పక్కపక్కన పెడితే తేడా ఇక్కడే దొరికిపోతుంది. గ్లేజు కుండను కప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. మంచి గ్లేజు చేసే పని దానికి సరిగ్గా తిరుగుడు, కుమ్మరి చేతిని అది బయటపెడుతుంది. బాత్‌రూమ్ పింగాణీలా అంతటా ఒకే తెలుపుతో దట్టంగా కప్పేసే గ్లేజును చేతి కుండ మీద పూయడం నాకైతే దండగనిపిస్తుంది.

లాంగ్‌చువాన్ కుమ్మరులు ఈ సూత్రాన్ని పట్టుకునే గిన్నె బయట తామర రేకుల్ని చెక్కేవారు. సగం ఆరిన పచ్చిగిన్నెను కత్తితో ఏటవాలుగా కోస్తే ప్రతి రేకుకూ నడుమ ఒక గట్టు లేస్తుంది. గట్టు మీద గ్లేజు పలచబడి దాదాపు తెల్లటి గీత, రెండు రేకుల సందున ముదురు పచ్చ. వెలుగునీడలు వేసింది కుంచె కాదు, భూమ్యాకర్షణ. కొరియాలో 12వ శతాబ్దపు కుమ్మరులు ఇంకో దారి తొక్కారు. సగం ఆరిన గోడ మీద కొంగల్ని, మబ్బుల్ని సన్నగా చెక్కి, గాట్లలో తెల్లమట్టి, కాలితే నల్లబడే ఎర్రమట్టి నింపి, పైన పొర గీకేసి, దాని మీద సెలడాన్ పూశారు. బొమ్మ గాజు కింద, నీటి అడుగున ఉన్నట్టు కనబడుతుంది. తర్వాతి కాలంలో, 15, 16 శతాబ్దాల్లో, అదే కొరియాలో గరుకు గడ్డికుంచెను తెల్లటి మట్టినీళ్లలో ముంచి, తిరుగుతున్న గిన్నెకు ఆనించేవారు. పోచల గీతలు గుండ్రంగా చుట్టుకుంటాయి. సారె ఎంత వేగంతో తిరిగిందో కూడా ఆ గీతల్లో చదవొచ్చు.

సారె వేగాన్నే నగిషీగా మార్చిన ఊరు జపాన్‌లో ఒకటుంది. క్యూషూ దీవి కొండల్లో ఒంటా అనే చిన్న ఊరు. 1705 నుంచి అక్కడ కుండలు చేస్తున్నారు. కొండవాగు నీరు మొద్దు దుంగ చివరి తొట్టిలో నిండి, దాన్ని వంచి, ఒలికిపోతుంది. బరువు పోయిన దుంగ రెండో కొస దబ్బున పడి మట్టిరాయిని దంచుతుంది. రాత్రీ పగలూ ఊరంతా అదే చప్పుడు. అక్కడ ముదురు రంగు గిన్నెకు తెల్లమట్టి పూసి, కాస్త ఆరాక సారె మీద తిప్పుతూ, వంగే గుణమున్న సన్నటి ఉక్కు రేకు కొసను దానికి ఆనిస్తారు. రేకు మట్టిని తగులుతుంది, వంగుతుంది, ఎగిరి మళ్లీ తగులుతుంది. తగిలినప్పుడల్లా చిన్న గాటు పడి కింది ముదురు మట్టి బయటపడుతుంది. నిమిషంలోపే వందల గాట్లు, నడుమ నుంచి అంచు దాకా వరసలు వరసలుగా. గాట్లు పెట్టేది చెయ్యి కాదు, రేకే. దాన్ని ఎంత వదులుగా పట్టుకోవాలన్నదే అంతా. దాని మీద పలుచటి గ్లేజు పడితే ఒక్కో గాటులో చిన్న గాజు మడుగు నిలుస్తుంది.

అన్ని అలంకారాలూ నిప్పును దాటి నిలవాలనేమీ లేదు. బోనాల కుండకు సున్నం, పసుపు, కుంకుమ, వేపమండలు కాల్చిన తర్వాతే ఎక్కుతాయి, ఆ పండగకే సరి. కడిగితే పోతాయి. పోవడం వాటికి లోపం కాదు.

గాజుకూ మట్టికీ పొత్తు కుదిరిందని బట్టీ చల్లారేదాకా చెప్పలేం. చల్లారేటప్పుడు రెండూ ముడుచుకుంటాయి, కానీ సమంగా ముడుచుకోవు. గ్లేజు మట్టికన్నా ఎక్కువ ముడుచుకోవాలని చూస్తే, కుండకు అతుక్కుని ఉంది గనుక ముడుచుకోలేక సాగదీతకు గురవుతుంది. గాజు నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ సాగదీతను ఓర్చుకోదు. సన్నటి వెంట్రుక పగుళ్లు అల్లుకుంటాయి. బట్టీ లోంచి తీశాక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి టింగుమంటూ పగిలే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే గ్లేజు మట్టికన్నా ఒక పిసరు తక్కువ ముడుచుకునేలా కలుపుకుంటారు, అప్పుడది నొక్కుడులో ఉండి కుండను కూడా బలపరుస్తుంది. మరీ తక్కువైతే అంచుల దగ్గర పెచ్చులుగా ఊడిపోతుంది. పగుళ్లు మానాలంటే గ్లేజులో సోడా, పొటాషు తగ్గించి పలుగుపొడి పెంచాలి. పగులుతున్నదానికి ఇంకా గట్టి రాయి కలపడమేమిటని విన్నవాళ్లకు తిరకాసుగా తోస్తుంది. గాజులోపల సిలికా తక్కువ వ్యాకోచించే సరుకు కావడమే దీనికి కారణం. దక్షిణ సాంగ్ కాలపు హాంగ్‌చౌ కుమ్మరులు మాత్రం ఈ పగుళ్లనే కోరి తెచ్చుకున్నారు. వాటిల్లో రంగు ఇంకించి ముదురు గీతల వలలా చూపించే గిన్నెలు అప్పట్లో గొప్పింటి సొత్తు. చూడటానికి బాగుంటాయి, సందేహం లేదు. పెరుగు తోడేసుకునే గిన్నెకైతే అవి వద్దు, పగుళ్లలో చేరింది కడిగినా పోదు.

తినే గిన్నెల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. సీసం ఆక్సైడ్ గ్లేజును తక్కువ వేడికే కరిగిస్తుంది, రంగులు నిగనిగలాడేలా చేస్తుంది. శతాబ్దాల తరబడి ఎన్నో దేశాల కుమ్మరులు దాన్ని వాడారు. కానీ సరిగ్గా కాలని సీసపు గ్లేజు మీద పులుపు నిలవుంటే సీసం మెల్లగా తిండిలోకి దిగుతుంది. ఆకుపచ్చ కోసం రాగి కూడా కలిపి ఉంటే ఇంకా ఎక్కువ దిగుతుంది. చింతపండు పులుసు, నిమ్మకాయ ఊరగాయ ఇంటింటా ఉండే మనకు ఇది పట్టించుకోవలసిన సంగతి. ప్రయోగశాలల్లో చేసే పరీక్ష కూడా వంటింటి సరుకుతోనే: 4 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే దాదాపు వెనిగర్, గిన్నెలో పోసి 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. 1,200 డిగ్రీలు దాటి కాల్చే గట్టి మట్టిపాత్రల్లో (స్టోన్‌వేర్) గ్లేజును కరిగించే పని ఫెల్డ్‌స్పార్, సున్నం చేసేస్తాయి, సీసంతో పనే లేదు. తక్కువ వేడి మీద కాల్చిన, మరీ మిలమిలలాడే రంగుల గిన్నెను అమ్మేవాళ్లు ‘ఇది షోకేసుకే’ అంటే నమ్మి షోకేసులోనే పెట్టాలి.

కుండల ప్రదర్శనకు వెళితే అలవాటున్నవాళ్లు గిన్నెను ముందుగా తిరగేసి చూడటం గమనించవచ్చు. గ్లేజు లేని చోటు అడుగొక్కటే గనుక మట్టి అసలు రంగూ, గరుకూ అక్కడే తెలుస్తాయి. పాదం సారె మీద చెక్కి తీసిందా, అచ్చులోంచి వచ్చిందా అన్నదీ తెలుస్తుంది. చైనాలో హనాన్ రాష్ట్రపు రూ బట్టీల కుమ్మరులకు ఆ బోసితనం కూడా నచ్చలేదు. అడుగుతో సహా అంతా గ్లేజు పూసి, గిన్నెను సన్నటి ముళ్ల మీద నిలబెట్టి కాల్చారు. అడుగున నువ్వు గింజంత మచ్చలు మాత్రమే మిగులుతాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద అలాంటివి వంద లోపే ఉన్నాయంటారు. వాటిలో ఒకటి, కుంచెలు కడుక్కునే అరచేతి వెడల్పు పళ్లెం, 2017లో హాంకాంగ్ వేలంలో 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. చియాన్ కుమ్మరులది ఇందుకు ఎదురు దారి. వాళ్ల టీ గిన్నె బయటి గోడ మీద గ్లేజు కిందికి జారుతూ వచ్చి, పాదానికి కాస్త పైన బొద్దు అంచుగా, ఒక్కోచోట వేలాడే చుక్కగా ఆగిపోతుంది. పలుచగా పూస్తే ఈ భయం లేదు, కానీ చారలూ రావు. మందంగా పూస్తే చారలొస్తాయి, చుక్క పాదం దాటి గిన్నెను ఉంచిన మట్టిపెట్టెకు అంటుకుంటే మాత్రం గిన్నె పోయినట్టే. ఆ ఊళ్ల కొండవాలుల్లో గుట్టలుగా పడి ఉన్న పెంకుల్లో అలా అతుక్కుపోయినవి ఇప్పటికీ దొరుకుతాయి. గిన్నె తిరగేసినప్పుడు ఆ చుక్కకూ పాదానికీ మధ్య ఎంత జాగా మిగిలిందో చూడండి. జాగా తక్కువ ఉన్నకొద్దీ, బకెట్లో ముంచిన రోజున ఆ కుమ్మరి అంత తెగించాడన్నమాట.